చిన్న పార్టీలు – పొత్తుల చరిత్ర: మద్రాసు లీగు నుంచి నేటి ఆదోని దాకా

పార్లమెంటరీ విధానంలో అధికారం తలల లెక్క మీద నడుస్తుంది. సభలో సగానికి పైగా సభ్యులు ఎవరివైపు ఉంటే రాజ్యం వారిది. ఇటువంటి విధానంలో ఒక మతవర్గం పేరున ఏర్పడిన చిన్న పార్టీకి మూడు దారులు మాత్రమే ఉంటాయి. ఒంటరిగా నిలిచి ప్రతిపక్షంలో కూర్చోవడం మొదటిది. పెద్ద పార్టీతో పొత్తు కుదుర్చుకోవడం రెండవది. పార్టీనే వదలి, పెద్ద పార్టీ లోపల ఒక వర్గంగా పనిచేయడం మూడవది. దక్షిణ భారత ముస్లింలు గత నూరేళ్లలో ఈ మూడు దారులూ నడిచారు. వాటిలో రెండవదైన పొత్తును ఇక్కడ ముఖ్యంగా పరిశీలిస్తాము. పొత్తు ఎప్పుడు ఫలించింది, ఎప్పుడు వికటించింది, ఫలించినప్పుడు ఆ ఫలం ఎవరి ముంగిట చేరింది అన్నవి మన ప్రశ్నలు.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, తుంగభద్ర ఒడ్డున, మంత్రాలయానికి సమీపంలో మాధవరం అనే ఊరు ఉన్నది. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు ఆ ప్రాంతానికి కేంద్రాలు. ఈ చరిత్రను హైదరాబాదు పాతబస్తీలో నిలబడి చూస్తే ఒక రకంగానూ, మాధవరంలో నిలబడి చూస్తే మరొక రకంగానూ కనిపిస్తుంది. పాతబస్తీలో ముస్లిం ఓటరు సమూహంలో ఒకడు. మాధవరంలో అతడు పది ఇండ్ల మధ్య ఒక ఇల్లు. తెలుగుదేశంలో పాతబస్తీ ఒక్కటే, మాధవరాలు వేలు. కావున చరిత్రను ఈ రెండవ చోటి నుంచి కూడా చదవడం అవసరం.

ప్రత్యేక నియోజకవర్గాల కాలం

ఆదోని ప్రాంతం 1800లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన మండలాలలో ఒకటి. ఆ తరువాత ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగంగా, మద్రాసు రాజధానికి లోబడి ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడివడి ఆంధ్రలో చేరాయి. కనుక ఇక్కడి ముస్లింల రాజకీయ చరిత్ర మొదటి అధ్యాయం హైదరాబాదుతో ముడిపడినది కాదు, మద్రాసుతో ముడిపడినది. నిజాం రాజ్యంలో మజ్లిస్ పెరుగుతున్న రోజులలో ఆదోని ముస్లిం మద్రాసు శాసనసభకు ఓటు వేస్తున్నాడు.

1909 సంస్కరణలతో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. అనగా ముస్లిం సీటుకు ముస్లింలే పోటీ చేయాలి, ముస్లింలే ఓటు వేయాలి. 1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలో 215 సీట్లు ఉండగా, అందులో 28 ముస్లిం సీట్లు. అప్పటి ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు అర్హతలు ఉన్నవారికే ఓటు. 1937 ఎన్నికలలో ఈ సీట్లు లీగుకు, ఇతరులకు మధ్య చీలిపోయాయి. 1946 నాటికి లీగు దాదాపు అన్నిటినీ గెలుచుకుంది.

ఈ విజయాన్ని జాగ్రత్తగా తూచి చూడాలి. 215లో 28 అంటే నూటికి పదమూడు. రెండు ఎన్నికలలోనూ కాంగ్రెసుకు సొంత బలంతోనే స్పష్టమైన మెజారిటీ వచ్చింది. కనుక 28 సీట్లూ ఒకే పార్టీ చేతిలో ఉన్నా మంత్రివర్గాన్ని నిలబెట్టే అవసరం గాని, పడగొట్టే శక్తి గాని దానికి కలగలేదు. ప్రత్యేక నియోజకవర్గం సీటుకు హామీ ఇచ్చింది గాని అధికారంలో వాటాకు హామీ ఇవ్వలేదు. మరొక ఫలితం కూడా ఉన్నది. ముస్లిం అభ్యర్థి హిందూ ఓటరు గడప తొక్కవలసిన పని లేకపోయింది. హిందూ అభ్యర్థికి ముస్లిం వాడకు రావలసిన పని లేకపోయింది. ఇరుగుపొరుగు మధ్య బజారులో ఉన్న ఇచ్చిపుచ్చుకోలు ఎన్నికలలో లేకపోయింది. పొత్తు అనే విద్య నేర్చుకునే అవసరమే ఆ విధానం కలిగించలేదు.

1948 తరువాత: కొత్త లెక్క

దేశవిభజన తరువాత పరిస్థితి తలకిందులైంది. 1948 మార్చి 10న మద్రాసులో ఇండియన్ యూనియన్ ముస్లిం లీగు ఏర్పడింది. దానికి నాయకత్వం వహించిన ముహమ్మద్ ఇస్మాయీల్ సాహెబును ప్రజలు ఖాయిదె మిల్లత్ అని పిలిచారు. 1949 మే నెలలో రాజ్యాంగ సభ మతప్రాతిపదికపై సీట్ల కేటాయింపును రద్దు చేసింది. ప్రత్యేక నియోజకవర్గాలు కొనసాగాలని ఇస్మాయీల్ సాహెబు వాదించారు. అదే సభలో బేగం ఐజాజ్ రసూల్ వంటి ముస్లిం సభ్యులు రద్దును సమర్థించారు. ఏకాభిప్రాయం అప్పుడూ లేదు. ఏమైతేనేం, ఆ రోజు నుంచి ముస్లిం అభ్యర్థి గెలుపు ముస్లిమేతర ఓటరు చేతిలోకి కూడా వచ్చింది.

1952లో కొత్త విధానపు తొలి ఎన్నికలు జరిగాయి. మద్రాసు శాసనసభలోని 375 సీట్లలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. అందులోనూ తెలుగు జిల్లాలలో ఆ పార్టీ బాగా దెబ్బ తిన్నది. రాజాజీ మంత్రివర్గం ఏర్పడడానికి ఇతరుల మద్దతు అవసరమైంది. ఆ మద్దతు ఇచ్చినవారిలో మలబారు నుంచి గెలిచిన లీగు సభ్యులు ఐదుగురు ఉన్నారు. ఆరేండ్ల క్రితం దాదాపు అన్ని ముస్లిం సీట్లూ ఉన్న పార్టీకి దొరకని విలువ, ఐదు సీట్లకు దొరికింది. సభలో ఎవరికీ మెజారిటీ లేనప్పుడే చిన్న పార్టీకి బరువు వస్తుందన్న సూత్రం మొదటిసారి అక్కడ తేటపడింది.

అయితే ఆ ఐదుగురూ మలబారు నుంచే ఎందుకు వచ్చారు? బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల ముస్లింలు సంఖ్యలో తక్కువవారేమీ కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో ముస్లింలు సుమారు ఆరింట ఒక వంతు. కాని ఆ జనం ఊరూరా చెదిరి ఉన్నారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే విధానంలో ఒకచోట కూడిన పది వేల ఓట్లకు సీటు వస్తుంది. పది చోట్ల చెదిరిన లక్ష ఓట్లకు సీటు రాకపోవచ్చు. మలబారులో కొన్ని తాలూకాలలో ముస్లింలే అధికసంఖ్యాకులు. రాయలసీమలో అటువంటి తాలూకా లేదు. కావున అక్కడ లీగు బతికింది. ఇక్కడ రాజకీయ పార్టీగా వేరూనలేదు.

కేరళ అనుభవం: స్పీకరు కుర్చీ నుంచి మంత్రివర్గం దాకా

పొత్తుల చరిత్రలో కేరళ ఒక పాఠశాల వంటిది. 1960 ఎన్నికలలో కమ్యూనిస్టులకు ఎదురుగా కాంగ్రెసు, ప్రజా సోషలిస్టు పార్టీ, ముస్లిం లీగు ఒక కూటమిగా పోటీ చేసి గెలిచాయి. లీగుకు 11 సీట్లు వచ్చాయి. ఓట్ల కోసం చేయి కలిపిన కాంగ్రెసు, మంత్రివర్గంలో మాత్రం లీగును కూర్చోబెట్టుకోవడానికి ఇష్టపడలేదు. ప్రత్యామ్నాయంగా స్పీకరు పదవి ఇచ్చారు. కె.ఎం. సీతీ సాహెబు స్పీకరయ్యారు. 1961 ఏప్రిల్‌లో ఆయన మరణించాక సి.హెచ్. ముహమ్మద్ కోయా ఆ పదవికి వచ్చారు. అందుకు ఆయన లీగు సభ్యత్వానికి రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ సంవత్సరం చివరకే పొత్తు తెగిపోయింది, కోయా పదవి వదులుకున్నారు. ఓటు మాత్రం తీసుకుని వాటా ఇవ్వని పొత్తుకు ఇది తొలి ఉదాహరణ.

1967లో లీగు ఎదుటి పక్షంతో చేయి కలిపింది. ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వంలోని ఏడు పార్టీల ఐక్య సంఘటనలో చేరి, రెండు మంత్రి పదవులు పొందింది. కోయా విద్యామంత్రి అయ్యారు. దైవాన్ని విశ్వసించే పార్టీ కమ్యూనిస్టులతో ఎలా కూడినదని చాలామంది ప్రశ్నించారు. సమాధానం ఫలితాలలో కనిపించింది. 1968లో కాలికట్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1969 జూన్ 16న మలప్పురం జిల్లా ఏర్పడింది. ఈ రెండింటినీ గమనించండి. విశ్వవిద్యాలయం ముస్లింలకు మాత్రమే పరిమితమైనది కాదు. జిల్లా కూడా అంతే. వెనుకబడిన ప్రాంతానికి చదువు, పరిపాలన దగ్గరయ్యాయి. మేలు అందరికీ చేరింది గనుక, తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ వాటిని తొలగించలేదు.

1979 అక్టోబరు 12న కోయా ముఖ్యమంత్రి అయ్యారు. సుమారు యాభై రోజులకే డిసెంబరు 1న దిగిపోయారు. సంఖ్యాబలం లేని చిన్న పార్టీకి అత్యున్నత పదవి వచ్చినా నిలవదని ఆ యాభై రోజులు చెబుతాయి. విశ్వవిద్యాలయం నేటికీ ఉన్నది. ముఖ్యమంత్రి పదవి జ్ఞాపకంగా మిగిలింది.

పొత్తుకు చెల్లించిన వెల కూడా చెప్పుకోవాలి. 1970 దశకం మధ్యలో లీగు రెండుగా చీలి, ఒక ముక్క కాంగ్రెసు వైపు, మరొక ముక్క మార్క్సిస్టుల వైపు నిలిచాయి. 1985లో అవి మళ్లీ ఏకమయ్యాయి. 1992 డిసెంబరులో బాబరీ మసీదు కూల్చివేత జరిగినప్పుడు కేంద్రంలో కాంగ్రెసు ప్రభుత్వం ఉన్నది. కేరళలో లీగు ఆ పార్టీతోనే పొత్తులో ఉన్నది. పొత్తు వదలాలా, నిలవాలా అన్న వివాదం లీగును కుదిపివేసింది. పార్టీ పొత్తులోనే నిలిచింది. దీర్ఘకాలం నాయకుడిగా ఉన్న ఇబ్రాహీం సులైమాన్ సేట్ బయటికి వచ్చి 1994లో ఇండియన్ నేషనల్ లీగు స్థాపించారు. నిలిచినవారు రాష్ట్రంలో చేతికి అందిన పనిని కాపాడుకోవాలన్నారు. వెళ్లినవారు కొన్ని సందర్భాలలో పదవి కన్నా ఆత్మగౌరవం మిన్న అన్నారు. ఇరువైపులా ధర్మబద్ధమైన వాదం ఉన్నది. ఎటువంటి పరిస్థితి వస్తే పొత్తు తెంచుకోవాలన్న గీతను ముందుగా గీసుకోని పార్టీ, ఆ పరిస్థితి వచ్చిన రోజున తానే తెగిపోతుంది.

తమిళనాడులో మరొక తీరు చూస్తాము. 1967 నుంచి లీగు డి.ఎం.కె.తో పొత్తు నడిపింది. క్రమంగా తన గుర్తును కూడా వదులుకున్నది. 2004లో వేలూరు నుంచి లోక్‌సభకు గెలిచిన లీగు నాయకుడు ఖాదర్ మొహిదీన్ ఉదయసూర్యుని గుర్తుపైనే పోటీ చేశారు. ఒక పార్టీ గుర్తుపై గెలిచిన సభ్యుడు ఆ పార్టీ విప్‌కు లోబడాలని 1985 ఫిరాయింపుల చట్టం చెబుతుంది. సీటు దొరికింది గాని గొంతు మిత్రుని చేతికి పోయింది.

హైదరాబాదు: ఏడు సీట్ల చరిత్ర

1927లో పుట్టి, బహాదుర్ యార్ జంగ్ కాలంలో పేరు పొంది, 1948 పోలీసు చర్య తరువాత మూతబడిన మజ్లిస్‌ను 1958లో న్యాయవాది అబ్దుల్ వాహెద్ ఒవైసీ పునరుద్ధరించారు. ఆయన కుమారుడు సలాహుద్దీన్ ఒవైసీ 1962లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1984లో హైదరాబాదు లోక్‌సభ సీటు గెలిచి 2004 వరకు నిలుపుకున్నారు.

మజ్లిస్ పొత్తుల విద్య నేర్చింది శాసనసభలో కన్నా ముందు నగరపాలక సంస్థలో. 1986 ఎన్నికల తరువాత కాంగ్రెసుతో అవగాహనపై మేయరు పదవి మజ్లిస్‌కు దక్కింది. ఆ కాలంలో మజ్లిస్ పక్షాన కె. ప్రకాశ్‌రావు, ఎ. సత్యనారాయణ, దళితుడైన ఆలంపల్లి పోచయ్య మేయర్లుగా పనిచేశారు. ఇది బయట పెద్దగా ప్రచారం పొందని విషయం. మతం పేరున ఏర్పడిన పార్టీకైనా పాలనలో వాటా కావాలంటే తన వాడ దాటి మనుషులను కలుపుకోక తప్పదని ఇది చూపుతుంది.

1993లో పార్టీ చీలింది. అమానుల్లా ఖాన్ మజ్లిస్ బచావో తెహరీక్ స్థాపించారు. 1994 శాసనసభ ఎన్నికలలో తెహరీక్ రెండు సీట్లు గెలువగా, మజ్లిస్‌కు ఒక్కటే మిగిలింది. ఆ సంవత్సరమే తెలుగుదేశం భారీ మెజారిటీతో వచ్చింది. చీలిక లేకపోయినా మజ్లిస్‌కు బేరమాడే అవకాశం ఆ సభలో ఉండేది కాదు. చీలికతో ఉన్న గౌరవం కూడా తగ్గింది. 1994లో తెహరీక్ పక్షాన గెలిచిన ముంతాజ్ అహ్మద్ ఖాన్ తరువాత మజ్లిస్‌కు తిరిగి వచ్చి, 2019 జనవరిలో తెలంగాణ శాసనసభకు తాత్కాలిక స్పీకరుగా వ్యవహరించారు.

2009లో మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. 150 వార్డులలో కాంగ్రెసుకు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43 వచ్చాయి. ఎవరికీ సగం లేదు. కాంగ్రెసు, మజ్లిస్ మేయరు పదవిని వంతుల వారీగా పంచుకున్నాయి. మొదట కాంగ్రెసుకు చెందిన బండ కార్తీకరెడ్డి, 2012 నుంచి మజ్లిస్‌కు చెందిన మాజిద్ హుస్సేన్ మేయర్లయ్యారు. షరతులు ముందే తేల్చుకున్న పొత్తు కనుక అది మాట ప్రకారం నడిచింది. అదే 2012 నవంబరులో చార్మినారు వద్ద మందిర వివాదంపై మజ్లిస్ రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ కాంగ్రెసు ప్రభుత్వాలకు మద్దతు ఉపసంహరించుకున్నది. ప్రభుత్వాలు పడిపోలేదు. కాని వదలిపోగల శక్తి తనకు ఉన్నదని పార్టీ చూపింది.

2009, 2014, 2018, 2023 – నాలుగు ఎన్నికలలోనూ మజ్లిస్‌కు ఏడు సీట్లే. 2009లో సభ 294 మంది. ఏడంటే నూటికి రెండున్నర కూడా కాదు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సభ 119 మంది. అదే ఏడు నూటికి ఆరుకు దగ్గరైంది. ఒక్క ఓటూ పెరగకుండానే బరువు పెరిగింది. మరి విభజన రేఖకు ఇవతల ఉన్న ఆంధ్రప్రదేశ్ ముస్లింల మాట ఏమిటి? తమ ఓట్లతో ఎన్నికైనవారు కాకపోయినా ఉమ్మడి సభలో తమ సమస్యలు లేవనెత్తే గొంతులు కొన్ని ఉండేవి. 2014 జూన్ 2 నుంచి అవి మరొక రాష్ట్రపు సభలో ఉన్నాయి. కర్నూలు, కడప, గుంటూరు ముస్లింలకు ఆ పార్టీ ఒక వార్తగా మిగిలింది.

బయటి ప్రపంచంలో

ఈ సమస్య ముస్లింలకే, భారతదేశానికే పరిమితమైనది కాదు. హాలెండు దేశపు చరిత్ర మనకు ఎంతో ఉపకరిస్తుంది. అక్కడ ప్రొటెస్టెంటులు, కథోలికులు శతాబ్దాల తరబడి శత్రువులు. 1879లో అబ్రహాం కైపర్ నాయకత్వంలో ఒక ప్రొటెస్టెంటు పార్టీ ఏర్పడింది. మతపాఠశాలలకు ప్రభుత్వ నిధులు కావాలన్నది దాని ప్రధాన కోరిక. అదే కోరిక కథోలికులదీ. 1888లో ఈ ఇరువర్గాలూ కలిసి ప్రభుత్వం ఏర్పరచాయి. ఎవరి విశ్వాసం వారిదే, ఎవరి చర్చి వారిదే. కోరిక మాత్రం ఒక్కటే. సుమారు ముప్పై ఏండ్లు ఆ ఒక్క కోరికనే పట్టుకున్నారు. 1917లో రాజ్యాంగ సవరణ ద్వారా అన్ని పాఠశాలలకూ సమాన నిధుల హక్కు సాధించారు. ఆ హక్కును ఆధారం చేసుకునే తరువాతి కాలంలో అక్కడ ముస్లింలు తమ పాఠశాలలను స్థాపించుకోగలిగారు. ఒక వర్గం న్యాయంగా సాధించినది, అప్పటికి ఆ దేశంలో లేని మరొక వర్గానికి దారి అయింది.

ఇస్రాయేలులో 1949 తొలి ఎన్నికలకు నాలుగు యూదు మతపార్టీలు ఒకే జాబితాగా నిలిచి 120లో 16 సీట్లు గెలిచాయి. రెండేండ్లకే 1951 ఎన్నికల నాటికి ఆ ఐక్యత కరిగిపోయింది. ఆ దేశంలో ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు వస్తాయి. కనుక విడివిడిగా నిలిచినా వాటికి నష్టం లేదు. ఎన్నికల తరువాత ఎవరితోనైనా బేరమాడవచ్చు. మన విధానంలో బేరం ఎన్నికలకు ముందే కుదరాలి. ఆ తేడా గుర్తించకుండా, వారు చేసినట్లు మనమూ చేద్దామనడం పొరపాటు.

ఇండోనేషియాలో 1973లో సుహార్తో ప్రభుత్వం నాలుగు ముస్లిం పార్టీలను బలవంతంగా ఒకే పార్టీగా కలిపివేసింది. ప్రజల కోరికతో కాక పాలకుల అవసరంతో ఏర్పడిన ఆ ఐక్యత లోపలి కలహాలతోనే గడిచింది. 1984లో నహ్దతుల్ ఉలమా అందులోనుంచి బయటికి వచ్చి, విద్యా, సాంఘిక సేవలకే పరిమితమవుతామని ప్రకటించింది.

పాకిస్తానులో 2002 ఎన్నికలకు దేవ్‌బందీ, బరేల్వీ, అహ్లె హదీస్, షియా వర్గాల ఆరు పార్టీలు ముత్తహిదా మజ్లిసె అమల్ పేరున కలిశాయి. సరిహద్దు రాష్ట్రంలో ప్రభుత్వం ఏర్పరచాయి. 2003 చివరలో, 2004 డిసెంబరు నాటికి సైనిక పదవి వదులుతానన్న జనరల్ ముషర్రఫ్ మాట నమ్మి రాజ్యాంగ సవరణకు మద్దతు ఇచ్చాయి. ఆయన ఆ మాట నిలుపుకోలేదు. కూటమి ఇచ్చినది శాసనమై నిలిచింది; పుచ్చుకున్నది మాటగానే మిగిలింది. 2008 ఎన్నికలలో పోటీ చేయాలా, బహిష్కరించాలా అన్నదానిపై కూటమి చీలింది.

మాధవరం నుంచి చూస్తే

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం నియోజకవర్గాల ముస్లిం ఓటరుకు సొంత పార్టీ ఎన్నడూ లేదు. అయినా అతనికి శాసనాల ద్వారా కొంత చేరింది. 1970లో ప్రభుత్వం ప్రకటించిన వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకులవారికి చోటు దక్కింది. 2004 ఎన్నికల ముందు కాంగ్రెసు ముస్లింలకు రిజర్వేషన్ల వాగ్దానం చేసింది. న్యాయస్థానంలో రెండుసార్లు దెబ్బతిన్న తరువాత, 2007 చట్టం సాంఘికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం కల్పించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఈ మేలు పాతబస్తీ గోడల దగ్గర ఆగలేదు; మాధవరం విద్యార్థికీ చేరింది. చెదిరిన జనానికి సీటు కన్నా శాసనం ముఖ్యం. సీటు ఒక నియోజకవర్గానిది, శాసనం రాష్ట్రమంతటిది.

పొత్తు బలం ఎంతటిదో ఆదోని 2024లో ప్రత్యక్షంగా చూసింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో భారతీయ జనతా పార్టీకి నూటికి ఒక ఓటు కూడా రాలేదు. ఒక్క సీటూ రాలేదు. 2024లో తెలుగుదేశం, జనసేనలతో పొత్తు కుదిరింది. ఆ పార్టీ 10 శాసనసభ స్థానాలలో పోటీ చేసి 8 గెలిచింది. అందులో ఆదోని ఒకటి. ముస్లింలు గణనీయంగా ఉన్న పట్టణం ఆదోని. అక్కడ ఆ పార్టీ గెలుపుకు ఐదేండ్లలో జనాభా మారడం కారణం కాదు. పొత్తు మారింది, ఓట్లు ఒక పక్షం నుంచి మరొక పక్షానికి బదిలీ అయ్యాయి. చిన్న పార్టీ ఏదైనా, దాని సిద్ధాంతం ఏదైనా, లెక్క మాత్రం ఒక్కటే.

మూడవ దారి కూడా ఆ ఎన్నికలలోనే కనిపించింది. నంద్యాల నుంచి తెలుగుదేశం పక్షాన గెలిచిన ఎన్.ఎం.డి. ఫరూఖ్ మంత్రి అయ్యారు. అదే సంవత్సరం కేంద్రంలో 240 సీట్లే వచ్చిన భారతీయ జనతా పార్టీకి తెలుగుదేశం 16 మంది సభ్యుల మద్దతు ముఖ్యమైంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు తెలుగుదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు వ్యతిరేకించింది. పెద్ద పార్టీ లోపల ఉన్న ముస్లిం నాయకుడు రాష్ట్రంలో కొన్ని పనులు చేయించగలడు. కాని పార్టీ పొత్తు ధర్మం ముందు అతని గొంతు ఎంతవరకు వినబడుతుందన్నది ఆ రోజు ఎదురైన ప్రశ్న. ఊరి మసీదుకు, దర్గాకు, శ్మశానవాటికకు చెందిన భూముల సంగతి కనుక ఇది మాధవరానికి దూరపు ప్రశ్న కాదు.

ఒడంబడిక అంటే ఏమిటి?

అరబ్బీ నుంచి అనువాదం చేసేటప్పుడు పొత్తు అనే ఒక్క తెలుగు మాటకు ఎదురుగా పలు మాటలు వస్తాయి. హిల్ఫ్ అంటే ప్రమాణం చేసి కలవడం. అహద్ అంటే ఇచ్చిన మాట. మీసాఖ్ అంటే గట్టిగా బిగించిన ఒడంబడిక. సుల్హ్ అంటే సంధి. ఈ నాలుగింటికీ ఒకే అర్థం లేదు, ఒకే బాధ్యతా లేదు. మన నాయకులు ఎన్నికల వేళ చేసేది వీటిలో ఏది అని అడిగితే, చాలాసార్లు ఏదీ కాదని చెప్పవలసి వస్తుంది.

ప్రవక్త ముహమ్మద్ (స) ప్రవక్త పదవికి ముందు, యువకుడిగా మక్కాలో హిల్ఫుల్ ఫుజూల్ అనే ఒడంబడికలో పాల్గొన్నారు. యెమెను వైపు నుంచి వచ్చిన ఒక వర్తకునికి మక్కా పెద్దమనిషి ఒకడు సరుకు తీసుకుని సొమ్ము ఎగవేశాడు. అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే అతని పక్షాన నిలవాలని కొన్ని వంశాలు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట ప్రమాణం చేశాయి. అందులో చేరినవారు ముస్లింలు కారు. రక్షణ పొందినవాడు వారి బంధువూ కాడు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి దానికి పిలిస్తే వెళ్తానని ప్రవక్త (స) చెప్పినట్లు సీరా గ్రంథాలు తెలుపుతాయి. వంశం, విశ్వాసం కాక న్యాయం ప్రాతిపదికగా ఏర్పడిన పొత్తు అది.

హుదైబియా సంధి (క్రీ.శ. 628) మరొక పాఠం నేర్పుతుంది. ఆ సంధి ప్రకారం ఏ తెగ అయినా ఇష్టమైన పక్షంలో చేరవచ్చు. ఖుజాఆ తెగ ముస్లింల పక్షాన, బనూ బక్ర్ తెగ ఖురైషుల పక్షాన చేరాయి. ఖుజాఆపై బనూ బక్ర్ దాడి చేయగా, ఖురైషులు దాడి చేసినవారికి సాయపడ్డారు. ముస్లింలపై నేరుగా దాడి జరగలేదు. అయినా చిన్న మిత్రునికి జరిగిన అన్యాయాన్ని ప్రవక్త (స) తమకు జరిగినట్లే భావించారు. మక్కా విజయానికి (క్రీ.శ. 630) తక్షణ కారణం అదే. చిన్నవాని గాయం పెద్దవానికి నొప్పి కలిగించినప్పుడే అది పొత్తు. చిన్నవాని ఓటు మాత్రమే పెద్దవానికి కావలసి వస్తే దాని పేరు వేరు.

గ్రహించదగిన అంశాలు

పై చరిత్ర నుంచి తేలేది ఇది. ఒకచోట కూడి ఉన్న జనానికి సొంత పార్టీ కొంత పనికివస్తుంది. చెదిరి ఉన్న జనానికి సొంత కోరికల పట్టిక పనికివస్తుంది. మలప్పురానికి, పాతబస్తీకి తగిన వ్యూహం ఆదోనికి తగదు. దానిని అరువు తెచ్చుకుంటే, ఓట్లు చీలి ఎదుటివారికి మేలు జరగడమే తరచుగా ఫలితం.

కోరిక ఒక్కటిగా, స్పష్టంగా ఉండాలి. హాలెండువారు ముప్పై ఏండ్లు ఒక్క కోరికనే పట్టుకున్నారు. షరతులు ముందుగా, రాతపూర్వకంగా, గడువుతో సహా ఉండాలి. 2009 హైదరాబాదు ఒప్పందానికి, 2003 పాకిస్తాను ఒప్పందానికి ఉన్న తేడా ఇదే. వదలిపోయే గీత ముందుగా తెలిసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కోరినది పొరుగువానికీ పనికివచ్చేదై ఉండాలి. కాలికట్ విశ్వవిద్యాలయం నిలిచింది అందువల్లనే.

కర్నూలు పడమటి మండలాలలో వానలు తప్పిన ఏట కోసిగి, కౌతాళం, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు వైపు, కూలి పనులకు బెంగుళూరు వైపు వలస పోతాయి. పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది. ఆ బండ్లలో దూదేకుల ఇల్లు, బోయ ఇల్లు, మాదిగ ఇల్లు పక్కపక్కనే కూర్చుంటాయి. తుంగభద్ర పక్కనే పారుతున్నా పొలానికి నీరు లేదన్న బాధ అందరిదీ. బడి, నీరు, వసతిగృహం, సకాలంలో పని – ఇవి ఏ ఒక్క మతానివీ కావు. ఒంటెద్దు ఉన్న ఇద్దరు రైతులు కలిసి ఒక కాడి కట్టుకున్నట్లు, ఈ ఇండ్లు కలిసి ఒక కోరికల పట్టిక కట్టుకోగలిగితే, దానిని కాదనే ధైర్యం మూడు నియోజకవర్గాలలో ఏ అభ్యర్థికీ ఉండదు. వక్ఫ్ భూమి రక్షణ కూడా ఆ పట్టికలో ఒక అంశంగా, పొరుగువారి మద్దతుతో నిలబడినప్పుడే గట్టిగా నిలుస్తుంది.

ఈ నేలకు అది కొత్త కాదు. ఆదోనిలో జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ హయాములోనే, రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం దానంగా దక్కిందని స్థానిక సంప్రదాయం చెబుతుంది. ఆ మంచాలే నేటి మంత్రాలయం. దానం ఇచ్చినవాడు పాలకుడు; ఇవ్వగల స్థితిలో ఉన్నాడు. నేడు అదే నేలపై అందరూ ఓటర్లే. ఒకరు ఇచ్చి ఒకరు పుచ్చుకునే సంబంధం పోయి, సమానంగా కూర్చుని షరతులు రాసుకునే సంబంధం రావలసిన కాలమిది. 1909 నుంచి 1946 దాకా మనకు హామీగా ఉన్న సీట్లు నేర్పలేని విద్య అది. దానిని శాసనసభలో కాదు, ముందుగా మాధవరం రచ్చబండ దగ్గరే నేర్చుకోవాలి.

వల్లాహు ఆలం.